కర్బన ఉద్గారాల తగ్గింపు: లెక్కలో లక్ష్యం, నేలపై భారం

వాతావరణం అనే మాట పశ్చిమ కర్నూలు ప్రాంతానికి కేవలం పాఠ్యపుస్తకాలలోని మాట కాదు. ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు, పత్తికొండ ప్రాంతాల మెట్ట రైతు తొలకరిలో ఆకాశం వైపు చూచి విత్తనం వేస్తాడు. పంట చేతికి వచ్చిన నాడు మార్కెట్ యార్డు వైపు చూచి అప్పు లెక్క సరిచూచుకుంటాడు. నడుమ వాన కురవకపోయినా నష్టమే, పత్తి కాయ పగిలే వేళ కురిసినా నష్టమే. రెండూ తప్పినప్పుడు కుటుంబాలకు కుటుంబాలే ఇళ్ళకు తాళాలు వేసి, పిల్లలను వెంటబెట్టుకొని సుగ్గికి తరలిపోతాయి. కాబట్టి వాతావరణాన్ని కాపాడే నిమిత్తం మన దేశం ప్రపంచానికి ఇచ్చిన మాట ఏమిటి, దానిని నిలుపుకొనడం ఎందుకు కష్టం, ఆ భారం ఎవరిపై పడుతుంది అనే విషయాలు మన విద్యార్థులు తెలుసుకొనడం అవసరం.

వాగ్దాన స్వరూపం

బొగ్గు, పెట్రోలు, డీజిలు వంటి ఇంధనాలను కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. వరి మళ్ళ నుండి, పశువుల నుండి మీథేను వాయువు, రసాయనిక ఎరువుల నుండి నైట్రస్ ఆక్సైడు వెలువడతాయి. ఇవి భూమి నుండి వెలుపలికి పోవలసిన వేడిని కొంత ఆపివేస్తాయి. అందువలననే భూగోళం క్రమంగా వేడెక్కుతున్నది.

దీనిని అరికట్టుటకు 1992లో రియో నగరంలో ప్రపంచ దేశాలు ఒక ఒడంబడికకు వచ్చాయి. బాధ్యత అందరిదీ అయినా, అది అందరికీ సమానం కాదనే సూత్రాన్ని అందులో అంగీకరించాయి. 1997 నాటి క్యోటో ఒప్పందం సంపన్న దేశాలకు మాత్రమే తగ్గింపు లక్ష్యాలు విధించినది. 2015 నాటి పారిస్ ఒప్పందంలో పద్ధతి మారినది. ప్రతి దేశమూ తన శక్తిని బట్టి తానే లక్ష్యాన్ని ప్రకటించుకొనవలెనని నిర్ణయమైనది.

ఆ ప్రకారం భారతదేశం 2015లో ముఖ్యంగా మూడు సంఖ్యలు ప్రకటించినది. మొదటిది, జాతీయోత్పత్తి విలువలో ప్రతి రూపాయికి వెలువడే వాయువును 2005 నాటి స్థాయి నుండి 2030 నాటికి 33 నుండి 35 శాతం వరకు తగ్గించడం. రెండవది, విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో 40 శాతాన్ని బొగ్గు, చమురు, సహజవాయువు కాని వనరుల నుండి సమకూర్చుకొనడం. మూడవది, అదనంగా అడవులు, చెట్లు పెంచి 250 నుండి 300 కోట్ల టన్నుల వాయువును పీల్చుకొనే ఏర్పాటు చేయడం. 2021లో గ్లాస్గో సమావేశంలో, 2070 నాటికి నికర ఉద్గారాలను సున్నాకు తెస్తామని మన ప్రధానమంత్రి ప్రకటించారు. 2022 ఆగస్టులో మొదటి సంఖ్యను 45 శాతానికి, రెండవ దానిని 50 శాతానికి పెంచారు.

ఈ సంఖ్యలను కంఠస్థం చేయడం సులభం. వాటి అర్థం తెలుసుకొనడమే అసలు పని.

తగ్గింపు అనగా ఏమిటి?

మొదటి లక్ష్యాన్ని చాలామంది అపార్థం చేసుకుంటారు. 45 శాతం తగ్గించడమంటే దేశం వెలువరించే మొత్తం వాయువు దాదాపు సగమైపోతుందని భావిస్తారు. అది సరి కాదు.

ఒక జిన్నింగు మిల్లును ఉదాహరణగా తీసుకొందాం. అది 2005లో లక్ష రూపాయల విలువ గల పనికి వంద కిలోల వాయువు వెలువరించినదనుకొందాం. 2030లో అదే విలువ గల పనికి 55 కిలోలు మాత్రమే వెలువరిస్తే 45 శాతం తగ్గినట్లు లెక్క. కాని ఈలోగా మిల్లు పెరిగి, ధరల పెరుగుదలను తీసివేసిన పిమ్మట కూడ, నాలుగు లక్షల రూపాయల పని చేస్తున్నదనుకొనండి. నాలుగు యాభై ఐదులు 220 కిలోలు. లక్ష్యం నెరవేరినది; పొగ రెండింతలకు పైగా పెరిగినది. దీనినే ఉద్గార తీవ్రత అంటారు. ఇది మొత్తానికి సంబంధించిన కొలత కాదు, పొదుపుకు సంబంధించిన కొలత.

మరి ఇటువంటి కొలతను మన దేశం ఎందుకు ఎన్నుకొన్నది? ఇది కేవలం తప్పించుకొనే ఉపాయమని కొట్టివేయడం న్యాయం కాదు. తలసరి లెక్క చూస్తే భారతీయుడు వెలువరించే వాయువు ప్రపంచ సగటులో సగం కంటే తక్కువ. పైగా ఆకాశంలో నేడు పేరుకొని ఉన్న వాయువు నేటిది మాత్రమే కాదు. రెండు శతాబ్దాల నాటి నుండి చేరినది. మాంచెస్టరు మిల్లులు బొగ్గు ఆవిరితో తిరుగుతుండగా, అప్పటి బళ్ళారి జిల్లాలో భాగమైన ఆదోని తాలూకా 1876–78 నాటి ధాత కరువులో అల్లాడుతున్నది. ఆ వాయువులో మన ముత్తాతల వాటా ఏమంత ఉండదు. ఇంకా పైకి రావలసిన దేశానికి పెరుగుదలను ఆపుకొమ్మని చెప్పుటకు వీలులేదు. పెరుగుదలలో పొదుపు పాటించమని మాత్రమే చెప్పవచ్చును. ఇది న్యాయమైన వాదం.

అయితే న్యాయమైన వాదం ఆకాశంలోని వేడిని తగ్గించజాలదు. ఈ రెండింటి మధ్యనే మన కష్టమంతా ఉన్నది.

2024 డిసెంబరులో భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి సమర్పించిన నివేదిక ప్రకారం 2005–2020 మధ్య ఉద్గార తీవ్రత 36 శాతం తగ్గినది. ఆ లెక్కన మొదటి లక్ష్యం అందుబాటులోనే ఉన్నది. 2020లో దేశం వెలువరించిన వాయువులో సుమారు 76 శాతం ఇంధన రంగానిది, సుమారు 14 శాతం వ్యవసాయానిది, సుమారు 8 శాతం సిమెంటు, ఉక్కు వంటి పరిశ్రమల తయారీ ప్రక్రియలది.

కాలువ సామర్థ్యం, కాలువలో నీరు

రెండవ లక్ష్యం కూడ ఇటువంటిదే. 2025 జూన్ నాటికి మన విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం సౌర, పవన, జల, అణు వంటి వనరులకు చెందినదని ప్రభుత్వం ప్రకటించినది. గడువు కంటే అయిదేండ్ల ముందే లక్ష్యం చేరినట్లయినది. ఇది చిన్న విజయం కాదు. కాని ఇంటికి వచ్చే విద్యుత్తులో సగం బొగ్గు లేకుండా వస్తున్నదని దీని అర్థం కాదు. దేశంలో ఉత్పత్తి అయ్యే విద్యుత్తులో అత్యధిక భాగం నేటికీ బొగ్గు నుండే వస్తున్నది. 2024–25 సంవత్సరంలో దేశపు బొగ్గు ఉత్పత్తి మొదటిసారి నూరు కోట్ల టన్నులు దాటినది.

ఈ భేదం మన ప్రాంతం వారికి వివరించడం కష్టం కాదు. తుంగభద్ర జలాశయం 1953లో పూర్తి అయిన నాడు దాని సామర్థ్యం సుమారు 133 టీఎంసీలు. పూడిక చేరిన పిమ్మట నేడు అది సుమారు 105 టీఎంసీలుగా లెక్కిస్తున్నారు. దిగువ కాలువకు కాగితంపై కేటాయింపు ఒకటి. ఆదోని, ఎమ్మిగనూరు ఆయకట్టు చివరి భూములకు చేరే నీరు మరొకటి. కాలువ ఎంత వెడల్పు అని కాదు, మన మడిలోకి ఎంత నీరు వచ్చినదని రైతు అడుగుతాడు. విద్యుత్తు విషయంలోనూ అడుగవలసిన ప్రశ్న అదే.

కర్నూలుకు సమీపంలో గని, శకునాల గ్రామాల వద్ద 2017లో సిద్ధమైన సౌర విద్యుత్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు. అంత సామర్థ్యం గల కేంద్రం రాత్రింబవళ్ళు పూర్తిగా పనిచేస్తే రోజుకు 2 కోట్ల 40 లక్షల యూనిట్లు రావలెను. కాని సూర్యుడు రాత్రి ఉండడు. ఉదయం, సాయంకాలం బలహీనుడు. మబ్బు పట్టినప్పుడు మరింత బలహీనుడు. కనుక సౌర కేంద్రాల నుండి సాధారణంగా ఆ మొత్తంలో ఐదవ వంతు నుండి నాలుగవ వంతు వరకు మాత్రమే లభిస్తుంది. బొగ్గు కేంద్రం అవసరమైనప్పుడు రాత్రి కూడ నడుస్తుంది. సామర్థ్యంలో సమానమైనంత మాత్రాన ఫలితంలో సమానం కాదు.

రాత్రి దీపం సమస్య

సాయంత్రం ఏడు గంటలకు ఊరంతా దీపాలు, పంకాలు వేసుకొనే వేళకు సౌర విద్యుత్తు ఆగిపోతుంది. పగటి విద్యుత్తును రాత్రికి దాచుకొనడం ఎట్లు? ఇదే నేటి ముఖ్య సమస్య.

దానికి ఒక మార్గం మన పొరుగుననే చూడవచ్చును. పాణ్యం సమీపంలోని పిన్నాపురం వద్ద 1,680 మెగావాట్ల సామర్థ్యంతో పంప్డ్ స్టోరేజి కేంద్రం చేపట్టారు. దాని సూత్రం సరళమైనది. కొండ పైన ఒక జలాశయం, క్రింద మరొకటి ఉంటాయి. పగలు ఎండ, గాలి నుండి వచ్చే అధిక విద్యుత్తుతో క్రింది నీటిని పైకి తోడుతారు. సాయంకాలం ఆ నీటినే క్రిందికి వదిలి టర్బైన్లను త్రిప్పుతారు. వెచ్చించిన శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు తిరిగి వస్తుంది. మిగిలిన వంతు దాచుకొన్నందుకు చెల్లించే మూల్యమని భావించవచ్చును. పెద్ద బ్యాటరీలు మరొక మార్గం. ఏదైనా డబ్బుతో కూడిన పని. బొగ్గును గుట్టగా పోసి ఉంచడం సులభం. ఎండను గుట్టగా పోసి ఉంచలేము.

ఇక్కడ బావి మోటార్ల సంగతి కూడ చెప్పుకొనవలెను. అయిదు హార్స్‌పవర్ మోటారు రోజుకు తొమ్మిది గంటలు నడిస్తే సుమారు 33 యూనిట్లు ఖర్చవుతాయి. మన దేశపు గ్రిడ్డు విద్యుత్తులో యూనిట్టుకు సుమారు 0.7 కిలోల బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది కనుక, ఆ మోటారు వాటా రోజుకు 23 కిలోలు. రాష్ట్రంలో 2004 నుండి వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు. కరువు నేలలో అది రైతుకు ప్రాణాధారం. దానిని తప్పుపట్టడం సులభం, అది లేకుండా బ్రతకడం కష్టం. అయితే మోటారును రాత్రి గాక పగలు, ఎండ ఉన్న వేళనే నడిపే ఏర్పాటు చేస్తే సౌర విద్యుత్తును దాచుకొనవలసిన అవసరమే ఉండదు. రాత్రి పూట పొలానికి పోయి పాము కాటుకు గురయ్యే ప్రమాదమూ తప్పుతుంది. ఉద్గారాల తగ్గింపు, రైతు క్షేమం ఒకే దారిలో నడిచే సందర్భాలు కొన్ని ఉన్నాయి; వాటిని ముందుగా వెదకి చేపట్టడం వివేకం.

రాతిలోని వాయువు

అన్ని ఉద్గారాలూ ఎండతో, గాలితో తొలగిపోవు. మన పాత కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాలు సున్నపురాతికి ప్రసిద్ధి. సిమెంటు చేయుటకు ఆ రాతిని కాల్చినప్పుడు ఇంధనపు పొగ మాత్రమే కాక, రాతిలో దాగిన వాయువు కూడ బయటపడుతుంది. రసాయన శాస్త్ర విద్యార్థి లెక్క వేసుకొనవచ్చును: నూరు కిలోల స్వచ్ఛమైన సున్నపురాతి నుండి 56 కిలోల సున్నం, 44 కిలోల బొగ్గుపులుసు వాయువు వస్తాయి. కొలిమిని సూర్యరశ్మితోనే వేడి చేసినా ఆ 44 కిలోలు రాక మానవు.

ఉక్కు సంగతీ అంతే. మనకు పొరుగున బళ్ళారి జిల్లా తోరణగల్లులో పెద్ద ఉక్కు కర్మాగారం ఉన్నది. ముడి ఇనుములోని ఆమ్లజనిని తొలగించుటకు కోకును వాడుతారు. ఆ బొగ్గు ఆమ్లజనితో కలిసి వాయువైపోతుంది. ఈ పద్ధతిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా వాయువు వెలువడుతుంది. బొగ్గుకు బదులు ఉదజనిని వాడితే మిగిలేది నీరే. అందుకొరకే 2023 జనవరిలో కేంద్ర ప్రభుత్వం హరిత ఉదజని పథకాన్ని ఆమోదించి, 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తిని లక్ష్యంగా పెట్టుకొన్నది. కాని అటువంటి ఉదజని నేటికీ ఖరీదైన వస్తువు. మరొక ప్రక్క, 2026 జనవరి నుండి ఐరోపా దేశాలు దిగుమతి అయ్యే ఉక్కు, సిమెంటు వంటి వస్తువులపై వాటి ఉద్గారాలను బట్టి రుసుము వేసే విధానాన్ని అమలులోకి తెచ్చాయి. కనుక ఈ విషయం కేవలం పర్యావరణానిది కాదు, ఎగుమతులదీ, ఉద్యోగాలదీ కూడ.

భారం ఎవరిది?

లక్ష్యం దేశానిది, నేల మాత్రం ఒక గ్రామానిది. కర్నూలు సౌర పార్కు కొరకు సుమారు ఆరువేల ఎకరాలు వినియోగమైనవి. పలకలు బిగించే కాలంలో వందలాది మందికి పని ఉంటుంది. పిమ్మట వాటిని తుడుచుటకు, కాపలా కాయుటకు కొద్దిమంది చాలు. గొర్రెలు మేపుకొనే వానికి ఆ భూమి పట్టా భూమి కాకపోవచ్చును; అతని జీవనం మాత్రం దానిపైననే ఆధారపడి ఉన్నది. అణు విద్యుత్తు కూడ బొగ్గు లేని విద్యుత్తే. కాని 2024లో దేవనకొండ మండలం కపట్రాళ్ళ అటవీ ప్రాంతంలో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు పరిసర గ్రామాల వారు తమ నీటికి, ఆరోగ్యానికి ఏమవుతుందోనని ఆందోళన చెందారు. వారి భయాన్ని అజ్ఞానమని త్రోసివేయరాదు. ఇక బొగ్గు తగ్గితే రామగుండం, మందమర్రి, కొత్తగూడెం పట్టణాలలో సింగరేణి గనులపై బ్రతికే కుటుంబాలకు ప్రత్యామ్నాయం చూపవలసి ఉంటుంది.

మరొక విచిత్రం ఎమ్మిగనూరులో చూడవచ్చును. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘం వలన ఆ ఊరి దుప్పట్లకు, బట్టలకు దూరప్రాంతాలలో పేరు వచ్చినది. చేతి మగ్గం విద్యుత్తు కోరదు, బొగ్గు కోరదు. బట్ట నేయుటలో దీనికంటె తక్కువ ఉద్గారం గల సాధనం మరొకటి లేదు. కాని 2023లో కేంద్రం ప్రకటించిన కార్బన్ క్రెడిట్ల వ్యాపార విధానమైనా, ప్రపంచంలోని ఇతర విధానాలైనా, ముఖ్యంగా లోగడ ఎక్కువగా వెలువరించి ఇప్పుడు తగ్గించిన వానికి విలువ కడతాయి. మొదటి నుండి వెలువరించని నేతగాని వద్ద తగ్గించుటకు ఏమీ లేదు, కనుక అమ్ముకొనుటకూ ఏమీ లేదు. పవర్‌లూము బట్టతో పోటీపడలేక అతడు మగ్గం విప్పివేస్తే దేశపు ఉద్గారం రవ్వంత పెరుగుతుంది. ఆ సంగతి ఏ పట్టికలోనూ నమోదు కాదు. జొన్న, కొర్ర పండించే మెట్ట రైతు స్థితి కూడ ఇంతే. అతని చేనులో నిలువ నీరు లేదు, మీథేను లేదు; అతనికి ప్రత్యేకమైన ధరా లేదు.

ఒక విషయంలో జాగ్రత్త అవసరం. ప్రతి కష్టాన్నీ వాతావరణ మార్పుకు ఆరోపించరాదు. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయినది గొలుసు తెగినందువలన. అది నిర్వహణకు సంబంధించిన విషయం. 2009 అక్టోబరులో కర్నూలును, మంత్రాలయాన్ని ముంచిన వరద వంటి ఒక్క సంఘటనను పట్టుకొని ఇది దాని ఫలితమేనని చెప్పడమూ శాస్త్రీయం కాదు. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోస్తుంది కనుక భారీ వర్షాల అవకాశం పెరుగుతుందని మాత్రం శాస్త్రం చెబుతున్నది. అవకాశం పెరగడం వేరు, కారణం నిరూపణ కావడం వేరు. ఈ వివేచన విద్యావంతులకు ఉండవలెను.

మన కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! జాతీయ లక్ష్యం ముందు ఒక కళాశాల చేయగలిగినది అణుమాత్రమే. అయినను లెక్క వేయడం నేర్చుకొనుటకు కళాశాల కంటె మంచి స్థలం లేదు. పాత రకం పంకా సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. క్రొత్త రకం సుమారు 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది. నూరు పంకాలు, రోజుకు ఆరు గంటలు, సంవత్సరానికి 200 పని దినములు అనుకొంటే 5,400 యూనిట్లు ఆదా అవుతాయి. వాయువు లెక్కలో అది సుమారు 3,780 కిలోలు. కళాశాల కార్యవర్గం వారు ఈ సంగతిని, భవనం పైకప్పు మీద సౌర పలకల ఏర్పాటును పరిశీలించవచ్చును. తరగతులు పగటి పూటనే జరుగుతాయి కనుక దాచుకొనే సమస్య మనకు స్వల్పం. విజ్ఞాన శాస్త్ర విద్యార్థులు ప్రతి నెలా కరెంటు బిల్లు తీసుకొని లెక్క వ్రాసి ఉంచితే, వచ్చే ఏటి సంచికలో నిజమైన అంకెలతో ఒక వ్యాసం రాగలదు. ఆర్థిక శాస్త్ర విద్యార్థులు తమ ఊళ్ళలో సుగ్గికి పోయే కుటుంబాల స్థితిని, మగ్గాల సంఖ్యను సేకరించవచ్చును. విధానాలు రూపొందించే వారి వద్ద దేశపు సంఖ్యలు ఉన్నాయి. ఊరి సంఖ్యలు సమకూర్చవలసినది ఊరి చదువరులే.

మన ఇళ్ళలో పెద్దలు ఇస్రాఫ్ అని ఒక మాట వాడుతారు. అవసరానికి మించిన వాడకం, దుర్వ్యయం అని దాని అర్థం. పారే నది ఒడ్డున ఉన్నా వజూకు నీరు వృథా చేయరాదని మన ధర్మం బోధిస్తుంది. సమృద్ధి ఉన్నంత మాత్రాన వృథాకు హక్కు రాదనే నీతి అది. అట్లే అమానత్ అనే మాట కలదు. ఒకరు నమ్మి మన వద్ద ఉంచిన సొత్తు అని భావం. నేల, నీరు, గాలి మన పిల్లల అమానత్ అని తలచితే తగ్గింపు లక్ష్యం విదేశాలు మన మీద మోపిన బరువుగా తోచదు.

2030 దగ్గరలోనే ఉన్నది. అప్పటికి పత్రికలలో లక్ష్యం నెరవేరినదని వార్త రావచ్చును. ఆ వార్త నిజమే కావచ్చును. అది చదివినప్పుడు మన విద్యార్థులు మరి మూడు ప్రశ్నలు అడుగగలగవలెను: మొత్తం వాయువు తగ్గినదా, రాత్రి వెలిగిన దీపం దేనితో వెలిగినది, ఇందుకొరకు ఎవరి భూమి, ఎవరి పని పోయినది? ఆ మూడింటికీ తృప్తికరమైన సమాధానం లభించిన నాడే లక్ష్యం నిజముగా నెరవేరినట్లు భావించవచ్చును.